గేదె సెలవులో ఉంది

మొన్న తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు కోసం నిలబడి ఉన్నాను. పక్కన పాతికేళ్ళ అమ్మాయి ఒకతి, భుజాన లాప్‌టాప్ సంచి, చెవుల్లో పాటలు. ప్లాట్‌ఫారం చివర ఒక ఊరకుక్క కూర్చుని పట్టాల వంక చూస్తోంది. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించట్లేదని నమ్మకం కుదిరాక కుడిచేతి రెండు వేళ్ళు కనుబొమకి ఆనించి, పెదాలు కదిలీ కదలకుండా కుక్కతో ఏదో అంది. నాకు వినబడలేదు. వినబడక్కర్లేదు కూడా. "డ్యూటీయేనా అండీ?" అని అడిగి ఉంటుంది.

పలకరిద్దామనుకున్నాను. చిన్నప్పుడు బాపట్లలో ఉండేదానివామ్మా, నీ దగ్గర పదహారు పేజీల పుస్తకాలు ఉండేవా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఏడుపు కూడా వచ్చేట్టుంది. యాభై దాటిన మగాడు ముక్కూమొహం తెలియని ఆడపిల్ల ముందు కళ్ళు తుడుచుకుంటే బాగోదుగా. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక తీరుబడిగా తుడుచుకున్నాను.

ఆ రెండు వేళ్ళు ఆయనవి. ఆయన పేరు చెప్పను. తన పుస్తకాల మీదే వేయించుకోని పేరు నేనెవర్ని చెప్పడానికి? రచయిత పేరు ఉండాల్సిన చోట "కావలివాళ్ళు చెప్పగా" అని వేయమనేవాడు. పిల్లలు డ్యూటీ తాతయ్య అనేవాళ్ళు. నేను మాస్టారూ అనేవాణ్ణి.

మా ప్రెస్సు తెనాలి బోసురోడ్డు వెనక సందులో ఉండేది. మా నాన్న బైండింగు మేస్త్రి. ఆయన పోయాక నేను ఒక కంప్యూటరు, ఒక పాత ఆఫ్‌సెట్ మిషను పెట్టుకుని పెళ్ళికార్డుల నుంచి పరీక్ష పేపర్ల దాకా వేసేవాణ్ణి. రెండువేల మూడో నాలుగో, సరిగ్గా గుర్తులేదు, ఒక శుక్రవారం నమాజు నుంచి అప్పుడే వచ్చి తలుపు తీశాను. గుమ్మంలో చెప్పులు విడిచి ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో ఎర్రసిరా పెన్ను, చంకలో గొడుగు. రిటైరైన బడిపంతులని చెప్పకుండానే తెలుస్తుంది. నమస్కారం పెడతాడనుకుని నేను చెయ్యెత్తబోయాను. ఆయన నన్ను దాటుకుపోయి, ట్యూబులైటు పక్కన గోడమీదున్న బల్లి ముందు ఆగి, రెండు వేళ్ళు కనుబొమకి ఆనించాడు.

"డ్యూటీయేనా అండీ?" అన్నాడు.

ఆ తర్వాత నావంక తిరిగి, ఈ ప్రెస్సు ఎవరిదండీ అని అడిగాడు. నేను అసలే ముక్కోపిని, అన్నం కూడా తినలేదు. బల్లిదేనండి, నేను అద్దెకుంటున్నాను అన్నాను. ఆయన నవ్వలేదు. "అనుకున్నాను" అని, సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు.

పాత పరీక్ష పేపర్ల వెనకవైపు రాసుకొచ్చిన కథలు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుంటూ కంపోజింగు మొదలుపెట్టాను. రెండో పేజీకి నవ్వాపుకోలేక మిషను మీదున్న మనిషిని పిలిచి చదివి వినిపించాను.

అన్ని కథలకీ సంగతి ఒకటే. ఈ భూమిని జంతువులు రహస్యంగా కాపాడుతున్నాయి, మనకి తెలియనివ్వట్లేదు. తెలిస్తే మనం సాయం చేస్తామని బయల్దేరి పాడుచేస్తామని వాటి భయం. పైనుంచి ఎవరెవరో వస్తుంటారు. వాళ్ళకి భూమి దూరం నుంచి బత్తాయిపండులా కనపడుతుంది, కోసుకుపోదామని పెద్ద పెద్ద బుట్టలు తెచ్చుకుంటారు. అప్పుడు సంగం జాగర్లమూడి కాలవగట్టు మీది కప్పగారు ఊపిరి బిగపట్టి ఉబ్బుతాడు. ఉబ్బి ఉబ్బి చింతచెట్టంత అయ్యేసరికి, ఈ పండులో పురుగుందిరా అని వాళ్ళు బుట్టలు వదిలేసి పారిపోతారు. నందివెలుగు గాడిదగారి పని భూమి పక్కకి ఒరక్కుండా రోజంతా ఒకవైపు ఆనుకుని నిలబడటం. చూసేవాళ్ళు అది బద్ధకమనుకుని కొడుతుంటారు, అది ఓర్చుకుంటుంది, సర్వీసు రూల్సు మరి. పిల్లిగారు ఏ పనీ చెయ్యదు, అందరికంటే ముందు ప్రమోషను దానికే వస్తుంది. పీతగారు రోజూ తెల్లారకముందే ఒడ్డుకెళ్ళి, సముద్రం ఉన్నచోటే ఉందో లేదో చూసి కాకిగారికి రిపోర్టు ఇవ్వాలి.

చివరి పేజీలో ఎప్పుడూ హాజరుపట్టీ. కాకిగారు హాజరు, కప్పగారు హాజరు, పీతగారు హాజరు, ఇలా వరసగా వెళ్ళి ఆఖర్న ఒక్క పేరు దగ్గర మాత్రం హాజరు ఉండేది కాదు. దాని పేరు పక్కన గారు కూడా ఉండేది కాదు. ఆ కింద ప్రతి పుస్తకానికీ ఇవే మూడు మాటలు:

"భూమి ఉన్నచోటే ఉంది. ఎవరికీ తెలియలేదు. గేదె సెలవులో ఉంది."

పిల్లలకి కథలన్నిటికంటే ఆ ఆఖరి ముక్క మీదే మోజు. గేదె ఎందుకు సెలవు పెట్టింది, దూడ పుట్టిందా, జ్వరమా, ఎప్పుడొస్తుంది? మా అమ్మాయి నసీమా అప్పుడు ఆరేళ్ళది, నాలుగో పుస్తకం వచ్చేసరికి నా ప్రాణం తోడేసింది. ఆయన్ని అడిగి చెప్పు నాన్నా అంటుంది. నేను అడిగితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వస్తుంది బాబూ. అది వచ్చినరోజు నేనే రాస్తాను. ఆ ఒక్క కథ రాసి పోవాలనే ఉంది నాకు" అనేవాడు.

మా నసీమా విషయంలో ఆయనొక వింతపని చేశాడు, అది నాకు మనసులో గుచ్చుకుంది కూడా. లోకంలో పిల్లలందరికీ తాతయ్యే, నా పిల్ల ఎదురొస్తే మాత్రం తల తిప్పుకునేవాడు. వచ్చినప్పుడల్లా, అమ్మాయికి ఎన్నేళ్ళు వచ్చాయి బాబూ అని అడుగుతాడు, ఆరు అంటే ఊఁ అని బల్లి వంక చూస్తాడు. మా మతం గిట్టదేమో పెద్దాయనకి అని కూడా అనుకున్నాను, నా పాపం ఏం చేసుకోను. పిల్లకి ఏడో ఏడు వచ్చిందని చెప్పిన రోజున అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. మర్నాడు తానుండే రేపల్లె నుంచి పనిగట్టుకుని వచ్చి, పిల్ల తలమీద చెయ్యి పెట్టి, చాలాసేపు తియ్యకుండా ఉంచాడు.

ఆయన్ని నమ్మాలో వద్దో నాకు తేలేది కాదు. ఒకసారి ఐదో పుస్తకం ప్లేటు మిషనుకి ఎక్కించబోతుండగా పొద్దున్నే ఊడిపడ్డాడు. హాజరుపట్టీలో బాపట్ల స్టేషను కుక్కగారి పేరు తీసెయ్యాలన్నాడు. ఎందుకండీ అంటే, ఇవాళ రాలేదండీ అన్నాడు. ప్లేటు తయారయ్యాక ఈ గోలేంటని కసురుకుంటూనే మార్చాను. సాయంత్రం బాపట్ల నుంచి పేపరు రీములు తెచ్చిన ఆటో అతను మాటల్లో చెప్పాడు, స్టేషన్లో రోజూ బెంచీ కింద పడుకునే కుక్క పొద్దున గూడ్సు కింద పడిందట. మాస్టారికి తెల్లారింది రేపల్లెలో, వచ్చింది రేపల్లె బండిలో. బాపట్ల మొహం చూడలేదు. అప్పట్లో ఆయనకి సెల్‌ఫోను కూడా లేదు. తర్వాత అడిగితే, చెప్పారండీ అన్నాడు. ఎవరు చెప్పారో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అప్పటి నుంచి నేను కూడా పొద్దున్నే తలుపు తీయగానే, మనిషన్నవాడు చూడకుండా, బల్లికి ఒక దండం పెట్టుకునేవాణ్ణి.

ఇంకొకటి నేను కళ్ళారా చూసింది. ఎండాకాలంలో బాపట్లలో వీబీఎస్ పెట్టారు, అంటే సెలవుల్లో చర్చివాళ్ళు పిల్లల కోసం నడిపే బడి. మాస్టారు లూథరన్ ఆయన, ప్రతి ఏడూ అక్కడ కథలు చెప్పేవాడు. పుస్తకాల కట్టలు మోసుకెళ్ళలేడని ఆ ఏడు నేను తోడెళ్ళాను. ఉదయం తొమ్మిదింటప్పుడు, వేపచెట్టు కింద డెబ్భై ఎనభైమంది పిల్లలు. ఆయన కప్పగారిలా బుగ్గలు పూరించాడు, గాడిదలా స్తంభానికి ఆనుకున్నాడు, పిల్లలు పొట్టలు పట్టుకుని దొర్లుతున్నారు. నేను వెనక గోడమీద కూర్చుని నవ్వుతున్నాను.

కాసేపటికి నా పక్కకి ఒక మేక వచ్చి నిలబడింది. ఆ తర్వాత రెండు కుక్కలు, కాస్త దూరంగా పడుకున్నాయి. గోడమీద ఏడెనిమిది కాకులు. మురుక్కాలవ దగ్గర్నుంచి పంది ఒకటి, దాని వెనక పిల్లలు. అరుపూ లేదు, ఒకదాన్నొకటి తరుముకోవడమూ లేదు. కథ వినడానికొచ్చాయి కాబోలు అనుకుని మొదట సరదా పడ్డాను. తర్వాత చూద్దును కదా, ఒక్కటీ మాస్టారి వైపు చూడట్లేదు. పిల్లల వైపూ చూడట్లేదు. అన్నీ వీపులు మావైపు పెట్టి, మొహాలు సూర్యలంక రోడ్డు వైపు పెట్టుకుని ఉన్నాయి. సముద్రం అటే ఉంది. మేక కన్ను నా పక్కనే, రెప్ప వేయకుండా అటే. ఎండలో కూర్చుని ఉన్నానా, వీపున చెమట చల్లబడిపోయింది.

కథ అయిపోయింది. పిల్లలంతా ఒక్క గొంతుతో గేదె సెలవులో ఉంది అని అరిచారు. కాకులు ముందు లేచాయి, ఆ తర్వాత మిగతావి ఎటువి అటు వెళ్ళిపోయాయి. తిరుగు బండిలో ఈ సంగతి ఎత్తితే మాస్టారు నా మోకాలి మీద తట్టి, "పిల్లలు గుంపుగా ఉన్నప్పుడు కావలి పెంచుతారు బాబూ" అన్నాడు. మామూలుగా అన్నాడు, బస్సు టైము చెప్పినట్టు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఆరో పుస్తకం అట్ట వెనక పేజీ ఖాళీగా మిగిలింది. ఖాళీ పేజీ చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు, అది మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన జబ్బు. నసీమా గోల ఒకపక్క, పిల్లల ఉత్తరాలు ఒకపక్క. మాస్టార్ని ఒక తోపు తోస్తే ఆ గేదె కథ రాసేస్తాడు కదా అనుకున్నాను. మా దగ్గర బొమ్మలు వేసే అతనికి చెప్పి ఒక గేదె బొమ్మ వేయించి, కింద పెద్దక్షరాలతో "వచ్చే పుస్తకంలో గేదె డ్యూటీకి వస్తోంది!" అని కొట్టాను. ఆయన్ని అడగలేదు. సంతోషపడతాడనుకున్నాను. ఐదువందల కాపీలు అచ్చై, పిన్నులు కొట్టి, కట్టలు కట్టి పెట్టాక ఆయన వచ్చాడు.

పుస్తకం తిప్పి చూశాడు. కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. అక్షరాల మీద కాదు ఆయన చూపు, బొమ్మ మీద. మా వాడు చక్కటి పాలగేదెని వేశాడు, మెడకి పలుపు వేసి గుంజకి కట్టి. ఈ కృష్ణా కాలవల కింద ఎవడు గేదెని వేసినా అలాగే వేస్తాడు, మెడలో పలుపు లేని గేదెని ఎవడు చూశాడు గనక.

"దీన్ని కట్టారేంటి బాబూ" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. కట్టని గేదె ఎక్కడైనా ఉంటుందా మాస్టారూ, విప్పితే పోదూ అన్నాను.

"పోవాలనేనండీ" అన్నాడాయన.

బ్లేడుంటే ఇమ్మన్నాడు. నేల మీద చాప వేసుకుని కూర్చుని, మొదటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆ బొమ్మలో పలుపుని బ్లేడు అంచుతో గోకడం మొదలుపెట్టాడు. నల్లసిరా పొడిలా రాలుతోంది. ఒక్కో పుస్తకానికీ ఐదారు నిమిషాలు. ఆ అట్టలు చించేద్దాం, వేరే వేస్తానని బతిమాలాను. వద్దన్నాడు. కట్టేసిన గేదెని చించి పారేస్తే ఇంకేం మిగిలిందండీ, విప్పాలి కదా అన్నాడు. ఎవరైనా వింటే పిచ్చనుకుంటారని నేను తలుపు ఓరగా వేశాను. గంటసేపు కుర్చీలో కూర్చుని అలిగాను. తర్వాత సిగ్గేసి, ఇంకో బ్లేడు తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

మూడు రోజులు, పొద్దున బండికి రావడం, సాయంత్రం బండికి పోవడం, మధ్యలో ఐదువందల గేదెల మెడల్లో పలుపులు గోకడం. రెండోరోజు మధ్యాహ్నం, తలెత్తకుండా, బ్లేడు ఆపకుండా చెప్పాడు. అప్పటిదాకా ఆయనకి రేపల్లెలో ఒక అద్దెగది ఉందని తప్ప ఆయన గురించి నాకేమీ తెలియదు.

వాళ్ళది రేపల్లె దిగువన సముద్రం వైపు ఊరు. భార్య కాన్పులో పోయింది. కూతురు, ఆరేళ్ళది. ఒక గేదె. ఉప్పెన వచ్చిన ఏడు, ఆరోజు పొద్దున్నుంచి ముసురు, గాలి. గేదె మేత ముట్టలేదు. పలుపు తెంపుకుని వచ్చి గుమ్మం ముందు నిలబడింది, సముద్రానికి వీపు పెట్టి, కరకట్టవైపు మొహం పెట్టి. ఆయన తోలుకెళ్ళి పాకలో కట్టాడు. మళ్ళీ తెంపుకొచ్చింది. ఊళ్ళో పొలాలన్నీ కోతకొచ్చి ఉన్నాయి. విడిచిన గేదె ఎవరి చేలో పడినా వాళ్ళ ఏడాది తిండి పోతుంది. పంతులుగారి గేదె పరాయి చేలో పడిందని అనిపించుకోవడం కంటే చావు నయమని అనుకునే మనిషి. కొత్త పలుపు తెచ్చి, పాక గుంజకి రెండు ముళ్ళు వేసి బిగించి కట్టాడు. పిల్ల పక్కనే నిలబడి చూస్తూ, నాన్నా, అది మనల్ని రమ్మంటోంది అందట. ఆయన నవ్వి లోపలికి పొమ్మన్నాడట.

"ఎదురింటివాళ్ళు వాళ్ళ గేదెని కట్టలేదు బాబూ. బద్ధకస్తులు. నీళ్ళొచ్చినప్పుడు దాని తోక పట్టుకుని నలుగురూ కట్టెక్కారు. నన్ను నీళ్ళు తీసుకుపోయి తాటిచెట్టుకి తగిలించాయి. నీళ్ళు తీశాక వెళ్ళాను. పాక లేదు. గుంజ ఉంది. గేదె ఉంది. పిల్ల దాని మెడ చుట్టూ చేతులు వేసి ఉంది. అది తీసుకెళ్తుందని దాని దగ్గరికే పోయింది. ముడి ఊడలేదు. ముడి బాగా వేశాను."

బ్లేడు నా వేలికి తెగింది. రక్తం పుస్తకం మీద పడకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మిషను మీదున్న మనిషి ఎప్పుడో మిషను ఆపేశాడు. గోడమీద బల్లి, అది ఎప్పుడూ ట్యూబులైటు దగ్గరుండేది, కిందకి దిగొచ్చి ఆయన భుజానికి జానెడు దూరంలో ఉంది.

వేలికి గుడ్డపేలిక చుట్టుకుని, మరి కథలో దాన్ని పిలవొచ్చుగా మాస్టారూ అన్నాను. రాసేది మీరేగా, ఒక్క మాట రాస్తే వచ్చేస్తుంది కదా.

"కట్టినవాడు పిలిస్తే ఎందుకొస్తుందండీ?" అన్నాడు. "దానంతట అది రావాలి."

ఆ తర్వాత పుస్తకాలు రాలేదు. వెనక అట్టమీద నేను వేసిన మాట మాత్రం ఊరూరా తిరిగింది. పిల్లలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, అన్నీ నా ప్రెస్సుకే. నేను వాటిని కట్టకట్టి రేపల్లె పంపేవాణ్ణి. నసీమా మాత్రం మాస్టారికి రాయకుండా నేరుగా గేదెకే కార్డు రాసింది. గేదెగారికి నమస్కారం, మాస్టారు పెద్దవాళ్ళైపోయారు, తొందరగా రండి అని. అడ్రసు దగ్గర, కేరాఫ్ డ్యూటీ తాతయ్య. ఆ కార్డు ఆయన దిండు కింద పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

నసీమా ఏడో తరగతిలో ఉండగా, కార్తీకమాసం వెళ్ళే రోజుల్లో రేపల్లె నుంచి ఫోనొచ్చింది. మాస్టారు అద్దెకున్న ఇల్లుగలావిడ. మాస్టారికి బాగోలేదన్నయ్యా, మూడు రోజులై అన్నం లేదు, బల్లిగారి ప్రెస్సాయన్ని పిలవమంటున్నారు, అది మీరేనా అంది. నేనేనమ్మా అన్నాను. బడి మాన్పించి నసీమాని కూడా తీసుకుని పొద్దుటి పాసింజరెక్కాను.

ఆ ఇల్లు ఊరి చివర, సందు దాటితే చేలు. కోతలు ఇంకా మొదలుకాలేదు, చేలన్నీ పండి వాలిపోయి ఉన్నాయి. వాన చినుకు లేదు, నేల ఎండిపోయి ఉంది. సందు మొదట్లోనే కనపడింది. మాస్టారి గది కిటికీ ఎదురుగా ఒక గేదె నిలబడి ఉంది. మెడలో పలుపు లేదు. మెడ చుట్టూ వెంట్రుకలు రాలి, ఒరుసుకుపోయిన మచ్చ మాత్రం ఉంది.

ఇల్లుగలావిడ ఎదురొచ్చింది. తెల్లారినప్పట్నుంచి అక్కడే ఉందన్నయ్యా, ఎవరిదో తెలియట్లేదు, చుట్టుపక్కల అందర్నీ అడిగాను, చేలో పడిందంటే మా మీదకి గొడవొస్తుంది, ఇంట్లో మగాళ్ళు లేరు, కాస్త కట్టిపెట్టవా అంది. మేకుకి తగిలించి ఉన్న పలుపు తీసి నా చేతికిచ్చింది.

నేను కట్టాను.

అన్నీ తెలిసినవాణ్ణి, ఐదువందల పలుపులు గోకినవాణ్ణి. ఆడమనిషి సాయమడిగింది, ఎవరి చేనో పాడవుతుందనుకున్నాను, చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. కరెంటు స్తంభానికి రెండు ముళ్ళు వేసి, ఊడదులే అని లాగి చూసి మరీ, చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళాను. గేదె పెనుగులాడలేదు. నన్ను ఒకసారి చూసింది.

మాస్టారు మంచం మీద కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సగమయ్యాడు మనిషి. పలకరించాను, తిరగలేదు. కళ్ళు కిటికీలోనే ఉన్నాయి. కుడిచెయ్యి రెండు వేళ్ళు కలిపి పైకి లేస్తోంది, గడ్డం దాకా వచ్చి పడిపోతోంది, మళ్ళీ లేస్తోంది. నీళ్ళు కావాలేమోనని నేను గ్లాసు వెతుకుతున్నాను. నసీమా ఆయన చెయ్యి చూసింది, కిటికీ చూసింది, నన్ను చూసింది.

"నువ్వు కట్టావా నాన్నా?"

అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో. గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిల్ల బయటికి పరిగెత్తింది. కిటికీలోంచి కనపడుతూనే ఉంది, ఆ ముడి దానికి ఎంతకీ రావట్లేదు, నేనూ బాగానే వేశాను మరి. గోళ్ళతో లాగింది. పళ్ళతో పట్టి లాగింది. గేదె తల వంచి, పిల్లకి అందేట్టు మెడ కిందకి దించి నిలబడింది. మాస్టారి ఊపిరి నాకు వినబడుతోంది, ఒకటి తీసుకుంటే ఇంకోటి వస్తుందో రాదో అన్నట్టుంది. పలుపు ఊడి కింద పడింది.

గేదె ఎక్కడికీ పోలేదు. నెమ్మదిగా తిరిగింది. వీపు మావైపు, మొహం సముద్రం వైపు పెట్టి, కాళ్ళు ఊని నిలబడింది.

మాస్టారి వేళ్ళు ఈసారి కనుబొమ దాకా వెళ్ళాయి. డ్యూటీయేనా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. బడిలో పేరు పిలిస్తే పిల్లలు పలుకుతారే, అలా పలికాడు.

"హాజరండీ."

మధ్యాహ్నం కాకముందే పోయాడు. చర్చివాళ్ళు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు వచ్చేసరికి గేదె అక్కడ లేదు. ఎటు వెళ్ళిందో ఎవరూ చూడలేదు, ఏ చేలోనూ పడలేదు. ఇల్లుగలావిడ పలుపు తీసి మేకుకి తగిలించబోతూ, ఇదేంటన్నయ్యా అని నా చేతికిచ్చింది. పొద్దున నేను పట్టుకున్నప్పుడు అది ఎండుగడ్డిలా పొడిగా ఉంది. ఇప్పుడు పిండితే నీళ్ళు కారేట్టు తడిసి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఉప్పునీటి వాసన.

ఏడో పుస్తకం లేదు. ఆయన దిండు కింద నసీమా కార్డు తప్ప కాగితం ముక్క దొరకలేదు. ఒకే ఒక్క పేజీ నేను వేశాను, ఉత్త హాజరుపట్టీ. అన్ని పేర్లూ వరసగా పెట్టి, ఆఖర్న గేదెగారు హాజరు అని కొట్టాను. గారు మర్చిపోవద్దని నసీమా నా కుర్చీ వెనకే నిలబడింది. ఆ ఎండాకాలం ఇద్దరం బాపట్ల వెళ్ళి వీబీఎస్ పిల్లలకి పంచాం. కేకలు పెడతారనుకున్నాను. ఒక్కళ్ళూ అరవలేదు. కాగితం చదువుకుని, మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. గోడవతల కాకులు సూర్యలంక వైపు తిరిగి కూర్చుని ఉన్నాయి.

ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి లేచి, ఆరో పుస్తకం అట్టమీద గుంజ పక్కన ఉంది కదా, అయితే దాన్ని ఎవరు విప్పారండీ అని అడిగింది. నసీమా నోరు తెరవకుండా నావైపు వేలు చూపించింది. పిల్లలంతా నన్ను చూసి రెండు వేళ్ళు కనుబొమలకి ఆనించారు.

అంతమంది పిల్లల ముందు నేను అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. విప్పింది మా అమ్మాయి. కట్టింది నేను.